నలుగురు మోసిన మనుష్యుడు

పాఠ్యభాగము: మార్కు 2:1–12



కపెర్నహూములో పక్షవాయువు గలవాడు తనంతట తాను యేసునొద్దకు నడచి రాలేదు. నలుగురు అతనిని మోసికొని వచ్చిరి. గుంపు అడ్డమైనప్పుడు ఇంటి కప్పు విప్పి దింపిరి. ప్రభువు వారి విశ్వాసమును చూచెనని మార్కు వ్రాసెను. మోసినవారి విశ్వాసము కూడ ఆ దినమున లెక్కకు వచ్చెను. ఈ మాసము ఈ పాఠమును త్రాగుడునకు బానిసలైన మన సహోదరులను తలంచుకొని చదువుదము.

ముందుగా మా తప్పు ఒప్పుకొనుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో కూలిపని చేసికొను ఒక సహోదరుని అందరి యెదుట నిలువబెట్టి, ఇక త్రాగనని ప్రమాణము చేయించితిమి. అతడు యథార్థముగానే మాట ఇచ్చి, ఆ రాత్రినుండియే మానివేసెను. మూడవ దినమున చేతులు వణకి, లేనివారిని చూచినట్లు కేకలు వేయసాగెను. అది దయ్యమనుకొని మేము ప్రార్థించుచు కూర్చుంటిమి. అతని భార్యయే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసికొనిపోయెను. ప్రాణము దక్కెను గాని, రెండు నెలలకు అతడు మరల సారా త్రాగెను. మేము అతనికి ప్రభువు బల్ల ఆపితిమి. అతడు ఆరాధనకు రావడము మానెను. మేము మోయుట ప్రారంభించి, సగము దారిలో పరుపు దింపివేసినవారమైతిమి.

ఇందులో మేము నేర్చుకొన్న మొదటి సంగతి: ఏండ్ల తరబడి దినదినము విస్తారముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినయెడల కొద్ది దినములలోనే వణకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చును. ప్రాణాపాయము కూడ కలదు. కాబట్టి ప్రార్థించుచునే అతనిని వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

రెండవ సంగతి: శరీరము కుదుటపడినంత మాత్రాన ఆశ చావదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయెను. చట్టము కొట్టును మూయగలదు గాని, సాయంకాలము కాగానే లోపల లేచు దాహమును మూయలేదు. ఆ గడియలో తోడు కావలెను.

అట్టి తోడు ఎట్లు పుట్టెనో వినుడి. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణములో బిల్ విల్సన్ అను వ్యాపారి తన పని చెడి, ఒక హోటలులో ఒంటరిగా నిలిచెను. అతడు త్రాగుడు మాని కొన్ని నెలలే అయినది. మరల త్రాగుదునేమోయని భయపడి, ఒక పాదిరిగారికి టెలిఫోను చేసెను. ఆ పాదిరిగారు ఇచ్చిన పేర్ల ద్వారా అతడు త్రాగుబోతైన బాబ్ స్మిత్ అను డాక్టరును కలిసికొనెను. తనవంటి వానితో మాటలాడుట తననే నిలువబెట్టుచున్నదని అతడు గ్రహించెను. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అను సహవాసము ఆలాగు ఆరంభమయ్యెను. పాదిరిగారు చేసినది దారి చూపుట మాత్రమే!

ఈ కూటములో రుసుము లేదు. ఇంటిపేరు, కులము అడుగరు. త్రాగుడు మానవలెనను కోరిక ఒక్కటే చాలును. ఒకరు తన సంగతి చెప్పుచుండగా తక్కినవారు విందురు. ఎవరును గద్దింపరు. జీవితాంతమునకు ప్రమాణము చేయింపక, ఈ ఒక్క దినము త్రాగకుండ ఉండుమందురు. అక్కడ విన్నది బయట చెప్పరాదు.

ప్రార్థన చాలదా, ఇదెందుకని కొందరు పెద్దలు అడుగుచున్నారు. ఈ సహవాసము ఏ మతమునకును చెందినది కాదు, సంఘమునకు బదులును కాదు. అయినను తప్పిదములు మరియొకని యెదుట ఒప్పుకొనుటయు, నష్టపరచిన వారితో సరిచేసికొనుటయు దాని పండ్రెండు మెట్లలో ఉన్నవి. యాకోబు 5:16ను, జక్కయ్యను ఎరిగిన మనకు ఇవి క్రొత్తవా?

కూటము ఎక్కడ, ఏ దినమున జరుగునో ఇట్లు విచారింపవలెను. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులను అడుగుడి. మత్తు మానిపించుటకు కేంద్ర ప్రభుత్వమువారు పెట్టిన 14446కు గాని, మనోవేదనలో సలహా కొరకు 14416కు గాని ఫోను చేయుడి. దగ్గరలో కూటము లేనిచో ఫోనులో జరుగు కూటములును కలవు. భార్యాబిడ్డలకు అల్-ఎనాన్ అను వేరొక సహవాసము 1951నుండి ఉన్నది.

మేము ఆ సహోదరుని ఇంటికి పోయి క్షమాపణ అడిగితిమి. విజయనగరములో రైలెక్కి అతనితో విశాఖపట్టణము వెళ్లితిమి. ఆ దినపు కూటము త్రాగుడు మానగోరువారికి మాత్రమే గనుక, మేము బయట టీ కొట్టునొద్ద కూర్చుంటిమి. గంట దాటిన తరువాత అతడు వచ్చి, "అయ్యగారూ, నాలాటోలు ఇంతమందున్నారని నాకు తెల్దండి" అనెను. తరువాత అతడు ఒకమారు పడెను. ఈసారి మేము బల్ల ఆపలేదు, మరల రైలెక్కితిమి. నేడు అతడు త్రాగకుండ ఉన్నాడు. రేపటిని ప్రభువు చేతిలో విడుచుచున్నాము.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుడి:

1. మన వీధిలో ఎవరి పరుపు సగము దారిలో ఉన్నది?
2. అతనితో మొదటి కూటమునకు మనలో ఎవరు వెళ్లుదురు?
3. అతడు మరల పడినయెడల మన నాలుక ఏమి చేయును? మన చేతులు ఏమి చేయును?