ముందు నీటిని చూడు

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

వేసవి సెలవులకి మయామీ వచ్చినప్పుడు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో పక్షుల్ని చూడాలని రాశావు. చాలా సంతోషం అమ్మలూ. జూన్‌లో అక్కడ పక్షులు పలచబడతాయని ఎవరో అన్నారట. నిజమే. కానీ ఎందుకు పలచబడతాయో తెలిస్తే, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి కాలం లేదు.

చలికాలంలో అక్కడ వానలు చాలా తక్కువ. నీరు తగ్గి గుంటలకు పరిమితమవుతుంది, చేపలు అందులో కిక్కిరుస్తాయి, కొంగలు చుట్టూ మూగుతాయి. మే నెలలో వానలు మొదలయ్యాక నీరు గడ్డి మైదానమంతా పరుచుకుంటుంది. చేపలు చెదిరిపోతాయి, వాటి వెంట కొంగలూ చెదిరిపోతాయి.

వుడ్ స్టార్క్ అనే పెద్ద కొంగ చేపను కంటితో వెతకదు. ముక్కు తెరిచి నీళ్లలో పెట్టి, తగిలినదాన్ని ఠక్కున పట్టేస్తుంది. చేపలు కిక్కిరిసి ఉంటేనే దాని పిల్లల కడుపు నిండేది. ఒకప్పుడు నవంబరు, డిసెంబరు నెలల్లోనే గూళ్లు కట్టేది. మనుషులు కాలువలు తవ్వి, గట్లు కట్టి నీటి నడకను మార్చాక గూళ్లు కట్టే వేళ ఫిబ్రవరి, మార్చి దాకా జరిగిపోయింది. పిల్లలకు రెక్కలు రాకముందే వానలు ముంచుకొస్తే, గూట్లో పస్తే. 1984లో ఈ కొంగను అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు.

అంతకుముందు టోపీల అలంకారానికి తెల్లకొంగల్ని చంపేవారు. వాటికి కాపలా కాసిన గై బ్రాడ్లీని 1905లో ఒక వేటగాడు కాల్చి చంపాడు. తుపాకీని చట్టం ఆపగలిగింది. నీటిని దాని వేళకు తిరిగి రప్పించడం అంతకన్నా కష్టమైన పని.

తెల్లవారేసరికి అన్‌హింగా ట్రయల్ చెక్కబాట మీద ఉందాం. పొడుగు చేతుల చొక్కా వేసుకో, దోమలు విపరీతం. మధ్యాహ్నానికి ఉరుములతో వాన రావచ్చు, ఆలోపే తిరిగొద్దాం. అన్‌హింగా మన కొల్లేటి పాముమెడ పక్షికి దగ్గరి బంధువు. ఒళ్లంతా మునిగి మెడ ఒక్కటే పైన కనిపిస్తుంది. మునిగి చేపను ముక్కుతో పొడిచి, పైకి ఎగరేసి, తలవైపు నుంచి మింగుతుంది. దాని ఈకలు నీటిని పీల్చుకుంటాయి. అందుకే సులువుగా మునగగలదు, అందుకే తర్వాత కొమ్మెక్కి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది.

నోట్‌బుక్కులో పక్షి పేరు రెండో గడిలో రాయి. మొదటి గడిలో నీటి సంగతి రాయి: పారుతోందా, నిలిచిందా, కొంగ కాలు ఎంతవరకు మునిగింది? చలికాలంలో మళ్లీ వచ్చి, అదే బాట మీద ఆ పేజీలు తీసి చూడు. పక్షులు ఎందుకు పెరిగాయో నేను చెప్పనక్కర్లేదు, నువ్వే నాకు చెబుతావు.

దీవెనలతో,
మీ మామయ్య