గీతలు మొరాయిస్తే
(ఇంక్‌స్కేప్‌లో బొమ్మ నెమ్మదించడానికి కారణాలు, ఉపాయాలు)

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, సూరారం

ఈ సంచికకు ఏదైనా వైజ్ఞానిక వ్యాసం వ్రాయమని మిత్రులు అడిగినప్పుడు నక్షత్రాల గురించో, పరమాణువు గురించో వ్రాద్దామనుకున్నాను. కాని అవి నాకంటె బాగా తెలిసినవారు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్న సంగతి ఒకటే ఉన్నది. కంప్యూటరు మీద గీసిన బొమ్మ కదలనని మొరాయిస్తే దాన్ని కదిలించడం ఎలా అన్నదే అది. పటాలు, పోస్టర్లు, ప్రయోగశాల బొమ్మలు గీసుకొనే మిత్రులకు పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

పని ఎలా వచ్చిపడింది

మాది సూరారం. కుత్బుల్లాపూర్ పురపాలక సంఘంతో పాటు 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసిన ఊరు. నేను అప్పటికి పలక పట్టిన వయసువాణ్ణి కూడా కాదు. మడులుండిన చోట ఇప్పుడు కాలనీలున్నవి. మా తాత సంపాదించినదానిలో ఇంకా రెండెకరాల పది గుంటలు మిగిలింది. అంటే తొంభై గుంటలు. మా నాయనకు నలభై అయిదు, చిన్నాయనకు నలభై అయిదు. పోయిన ఎండాకాలం ఇద్దరూ పంచుకుందామనుకున్నారు.

తాత దగ్గర హద్దు రాళ్ళు, గట్లు, బావి గుర్తులున్న పాత కాగితం ఒకటి ఉండేది. మడతలు పడి చిరిగే స్థితికి వచ్చింది. "సదువుకున్నవ్ గద బిడ్డా, ఇది సక్కగ గీసియ్యి. ఇద్దరం సూసుకొని మాట్లాడుకుంటం" అన్నాడు నాయన.

నేను కాగితాన్ని స్కాను చేయించి, ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి, 'ట్రేస్ బిట్‌మ్యాప్' అనే సదుపాయంతో గీతలుగా మార్చాను. తెలుగులో పేర్లు వ్రాసి, ప్రతి పేరుకూ అందంగా ఉంటుందని మసక నీడ పెట్టాను. చూడ్డానికి బాగుంది. కాని కొంచెం పెద్దది చేసి చూద్దామంటే, నా నాలుగు జీబీల పాత ల్యాప్‌టాప్ మీద బొమ్మ పూర్తిగా కనపడడానికి 38 సెకన్లు పట్టింది! చిన్నాయన మంచం మీద కూర్చుని చూసి చూసి, "గిది తెరుసుకునేలోపు దున్నుడు అయిపోతది" అని లేచిపోయాడు.

ముగ్గు, ముగ్గు సూత్రం

ఇంక్‌స్కేప్ గురించి నాలుగు మాటలు. వెక్టర్ బొమ్మలకు అందరికీ ఒకటే పద్ధతి ఉండాలని ఎస్.వి.జి. అనే ప్రమాణం 2001 సెప్టెంబరులో వెలువడింది. ఆ ప్రమాణానికి తగినట్లు పనిచేయాలని, 'సోడిపోడి' అనే పాత సాఫ్ట్‌వేరు నుండి 2003లో చీలి పుట్టినది ఇంక్‌స్కేప్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి ప్రోగ్రామును చదవవచ్చు, మార్చవచ్చు. రైతు కొడుకుకు లైసెన్సు కొనే స్తోమత లేకపోయినా పని ఆగదు.

వెక్టర్ బొమ్మ అంటే ఏమిటి? మా అమ్మ పక్కింటి వారికి ముగ్గు చెప్పేటప్పుడు "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు" అంటుంది. అది ముగ్గు కాదు, ముగ్గు సూత్రం. నోటితో చెప్పేయవచ్చు, చిన్న వాకిలికీ పెద్ద వాకిలికీ అదే సరిపోతుంది. కాని వాకిలి మారినప్పుడల్లా పిండి పట్టుకుని మళ్ళీ మొదటినుంచి వేయవలసిందే. ఫొటో అలా కాదు, అది వేసేసిన ముగ్గు. పెద్దది చేస్తే చెదిరిపోతుంది.

వెక్టర్ ఫైలులో ఉండేది సూత్రమే. మనం జూమ్ చేసినా, పక్కకు జరిపినా కంప్యూటరు మళ్ళీ ముగ్గు వేస్తుంది. ఈ వేయడాన్నే రెండరింగ్ అంటారు. కావున బొమ్మ నెమ్మదించడమంటే సూత్రం చాంతాడంత ఉన్నదని గాని, వేసే పద్ధతి కష్టమైనదని గాని అర్థం.

ఒక వంపు వెనుక ఎంత పని

ఇంక్‌స్కేప్‌లోని వంపులను బెజియే వక్రాలంటారు. ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీలో పనిచేసిన పియర్ బెజియే పేరు మీద అవి ప్రసిద్ధికెక్కినవి. ఒక్కొక్క వంపుకు నాలుగు బిందువులుంటవి. రెండు కొనలు, ఆ కొనలను లాగి వంచే మరి రెండు పిడులు. కొన బిందువులనే నోడ్‌లంటాము.

తెర మీద వేయడానికి కంప్యూటరు ప్రతి వంపునూ చిన్న చిన్న సరళరేఖలుగా కోస్తుంది. ఆ రేఖలు తెరలోని ఏయే గళ్ళను ఎంత మేరకు కప్పుతున్నవో లెక్కిస్తుంది. రంగు నింపుతుంది. అడుగున ఉన్న వస్తువు నుంచి మొదలుపెట్టి పైకి వస్తుంది, గోడకు ఒక పూత మీద ఇంకొక పూత వేసినట్లు. కింద దాగిపోయిన వస్తువుకు కూడా శ్రమ తప్పదు.

నీడ కోసం వాడే మసక మరీ కష్టమైన పని. ఒక గడికి మసక రంగు కావాలంటే చుట్టుపక్కల గళ్ళన్నిటి సగటు తీయాలి. వ్యాసార్థం 20 గళ్ళు అనుకోండి. నేరుగా లెక్కిస్తే ఒక్కొక్క గడికి 41 × 41 = 1681 గళ్ళు చూడాలి. గాసియన్ ప్రమేయానికి ఒక మంచి గుణమున్నది. ముందు అడ్డంగా, తరువాత నిలువుగా విడివిడిగా చేసినా అదే ఫలితం వస్తుంది. అప్పుడు 41 + 41 = 82 చూస్తే చాలు. అయినా 1920 × 1080 తెరలో 20,73,600 గళ్ళున్నవి. బొమ్మను రెండింతలు పెద్దది చేస్తే మసక వ్యాసార్థమూ రెండింతలవుతుంది. లెక్కను ఎంత తెలివిగా కుదించినా పని మిగిలే ఉంటుందన్నమాట.

దోషిని పట్టుట

నేను మొదట చేసిన తప్పు, ఊహించి మందు వేయడం. కొత్త ర్యామ్ కొనాలేమోనని నాయనను డబ్బులు కూడా అడిగాను. మా ప్రయోగశాలలో మాస్టరు గారు ఎప్పుడూ ఒక మాట అంటారు, "ముందు కొలవండి, తరువాత మాట్లాడండి" అని. ఆ మాట అప్పుడు గుర్తుకు వచ్చింది.

కొలవడానికి ఇంక్‌స్కేప్‌లోనే సాధనమున్నది. వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్ అని ఉంటుంది. దానిలో 'నార్మల్' అంటే మామూలు బొమ్మ. 'నో ఫిల్టర్స్' అంటే మసకల వంటివి తీసివేసి చూపేది. 'అవుట్‌లైన్' అంటే రంగులు కూడా లేకుండా ఉత్త గీతలు. ఒకే చోట, ఒకే జూమ్‌లో మూడింటినీ గడియారం పెట్టి చూశాను.

నార్మల్‌లో 38 సెకన్లు.
నో ఫిల్టర్స్‌లో 15 సెకన్లు.
అవుట్‌లైన్‌లో 11 సెకన్లు.

ఇక తీసివేతలే. 38లో 15 పోగా 23 సెకన్లు నీడల వాటా. 15లో 11 పోగా 4 సెకన్లు రంగులది, అడుగున పెట్టిన స్కాను బొమ్మది. మిగిలిన 11 సెకన్లు ఉత్త నోడ్‌లది. ముగ్గురు దొంగలు, ముగ్గురి వాటా తేలిపోయింది. ర్యామ్ ఖర్చు తప్పింది.

మందులు

1. నీడలు. అన్ని పేర్ల మీది మసక ఫిల్టర్లను తీసివేశాను. పేరు స్పష్టంగా కనపడాలంటే వెనుక తెల్లని పట్టీ పెడితే చాలు. మసక తప్పనిసరి అనుకునేవారు ఆ ఒక్క వస్తువును ఎంచి 'మేక్ ఎ బిట్‌మ్యాప్ కాపీ' చేసి, అసలుదాన్ని దాచి పెట్టుకోవచ్చు. అప్పుడది ఒకసారి వేసేసిన ముగ్గు అవుతుంది. ప్రిఫరెన్సెస్‌లో రెండరింగ్ అనే పుట ఉన్నది. అక్కడ మసక నాణ్యతను తగ్గించినా తెర మీద వేగం పెరుగుతుంది.

2. స్కాను బొమ్మ. నేను 600 డి.పి.ఐ.లో స్కాను చేయించాను. ఏ4 కాగితానికి అది 4960 × 7016 గళ్ళు, అంటే సుమారు 3 కోట్ల 48 లక్షలు. గడికి నాలుగు బైట్ల చొప్పున విప్పితే దాదాపు 14 కోట్ల బైట్లు. 150 డి.పి.ఐ. అయితే ఇందులో పదహారవ వంతే. పైపెచ్చు బొమ్మను ఫైలులోనే పొదిగితే ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలుగా వ్రాస్తుంది గనుక మూడవ వంతు బరువు పెరుగుతుంది. అందుచేత పొదగకుండా లింకు పెట్టి, వేరే లేయరులో ఉంచి, పని లేనప్పుడు దాచివేయాలి.

3. నోడ్‌లు. ఇదే అసలు కథ. ఎస్.వి.జి. ఫైలు ఉత్త అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడవచ్చు. తెరిచి చూస్తే అంకెల వరద! పాత కాగితం మీది మరకలు, మడతలు, దుమ్ము చుక్కలు అన్నింటినీ ట్రేసింగ్ నమ్మకంగా గీతలు చేసిపెట్టింది. అన్నీ కలిపి ఒకే పాత్‌గా ఉన్నవి. వేరు వేరు వస్తువులైతే తెర బయట ఉన్నవాటిని కంప్యూటరు చూడకుండా వదిలేస్తుంది. పొలమంతా పరుచుకున్న ఒకే పాత్ అయితే ఏ మూల చూసినా అది తెరలో ఉన్నట్లే లెక్క. 'బ్రేక్ అపార్ట్' చేస్తే ముక్కలవుతుంది. ట్రేస్ చేసేటప్పుడే 'స్పెకిల్స్' విలువ పెంచితే దుమ్ము చుక్కలు రావు.

4. తెలుగు అక్షరాలు. మన లిపి గుండ్రటిది, వంపులెక్కువ. పేర్లను పాత్‌లుగా మార్చివేస్తే ప్రతి వట్టుకూ గుడికీ నోడ్‌లు వచ్చి చేరతాయి, తప్పు దిద్దడానికీ వీలుండదు. అక్షరాలను అక్షరాలుగానే ఉంచి, అచ్చుకు పంపే చివరి ప్రతిలో మాత్రమే పాత్‌లుగా మార్చాలి. అచ్చు దుకాణంలో మన ఫాంటు లేకపోయినా అప్పుడు ఇబ్బంది ఉండదు.

5. కొత్త వెర్షను. 2015 జనవరిలో వచ్చిన 0.91 వెర్షనులో బొమ్మ వేసే పనిని కైరో అనే లైబ్రరీకి అప్పగించారు, ఫిల్టర్ల పనిని ప్రాసెసరులోని కోర్లకు పంచారు. తరువాత కూడా వేగం విషయంలో చాలా పని జరిగింది. పాతదానితో కుస్తీ పట్టకుండా కొత్తది వేసుకోవడం మంచిది.

ఒక గుంట పోయిన కథ

నోడ్‌లు తగ్గించడానికి ఇంకొక సులువైన మార్గమున్నది. పాత్ మెనూలో 'సింప్లిఫై', అంటే కంట్రోల్, ఎల్. నేను దాన్ని టకటకా నాలుగైదు సార్లు నొక్కాను. వెంటవెంటనే నొక్కితే అది అంతకంతకూ గట్టిగా పనిచేస్తుందని అప్పటికి నాకు తెలియదు. వేగం అద్భుతంగా పెరిగింది. సంతోషంతో అచ్చు తీసి తీసుకుపోయాను.

చిన్నాయన కాగితం మీద వేలు పెట్టి, "గీ మూల గుండ్రంగ లేదురా. ఈడ రాయి ఉన్నది. గట్టు గిట్ల వంగలేదు. నాది తగ్గించినవా?" అన్నాడు. నాయన నా వైపు చూశాడు. నాకు చెమట పట్టింది.

తిరిగి వచ్చి కొలిచాను. నా పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద ఒక మీటరు. 60 మీటర్ల గట్టు గీత చిన్నాయన వైపుకు రెండు మిల్లీమీటర్లు జరిగింది. అంటే 120 చదరపు మీటర్లు. గుంట అంటే 121 చదరపు గజాలు, సుమారు 101 చదరపు మీటర్లు. కంప్యూటరు వేగం కోసం నేను మా చిన్నాయన భూమిలో గుంటకు పైగా నాయన వైపు కలిపేశాను! మా ఊళ్ళో ఇప్పుడు గుంట అంటే అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయేంత మాట.

సింప్లిఫైకి హద్దు రాయి తెలియదు. దానికి తెలిసింది నునుపు ఒక్కటే. చెట్టు బొమ్మకు, మేఘానికి, పోస్టరులోని పువ్వుకు అది చక్కని మందు. కొలత ఉన్న గీత మీద మాత్రం వాడరాదు.

అప్పుడు ట్రేస్ చేసినదంతా తీసేశాను. స్కానును అడుగున లేతగా పెట్టుకుని, పెన్ను సాధనంతో రాయి నుండి రాయికి సరళరేఖలు గీశాను. ఒక మడికి నాలుగో అయిదో రాళ్ళు, అన్నే నోడ్‌లు. వేలకొద్దీ నోడ్‌లు పోయి, పొలమంతా వంద లోపు నోడ్‌లతో తేలింది. మూలల నిరూపకాలు తీసుకుని వైశాల్యం లెక్కగట్టి, తాత కాగితంలోని గుంటలతో సరిచూశాను. జూమ్ చేస్తే సెకను కూడా పట్టలేదు. ట్రేసింగ్ వల్ల వచ్చిన నిదానం, సింప్లిఫై వల్ల వచ్చిన తప్పు రెండూ ఒక పూట ఓపికతో పోయినవి.

చివరి మాట

ఆ పటం సర్వేయరు కొలతకు సాటి కాదు, కాకూడదు కూడా. చివరికి గొలుసు పట్టి కొలిచిందే నిజం. కాని ఆ కొలతకు ముందు ఇంట్లో ఇద్దరూ ఒకే కాగితం మీద వేలు పెట్టి మాట్లాడుకోగలిగారు. బావి ఉమ్మడిగానే ఉంచాలని ఆ కాగితం ముందే అనుకున్నారు. సర్వేయరు వచ్చిన రోజు చిన్నాయన నన్నే పిలిచి పటం పట్టుకోమన్నాడు. నా మీద నమ్మకం తిరిగి వచ్చిందని అప్పుడనిపించింది.

మిత్రులారా! మీ బొమ్మ మొరాయిస్తే ముందు కొత్త యంత్రం కోసం ఇంటికి ఫోను చేయకండి. మూడు మోడ్‌లలో కొలవండి, ఎవరి వాటా ఎంతో తేల్చండి, పెద్ద దొంగను ముందు పట్టండి. ఏ గీతను తేలిక చేయవచ్చునో, ఏ గీతను ముట్టుకోరాదో ఆలోచించండి. ఆ తేడా యంత్రం చెప్పదు, మనమే తెలుసుకోవాలి.