తేలిక గాలపు కర్ర కట్టబోయే మేనల్లుడికి

కాటన్‌పేట, బెంగళూరు



ఫ్లై ఫిషింగ్ అనే గాలం పద్ధతికీ చెరువు గట్ల మీద సాధారణంగా కనిపించే గాలానికీ ఉన్న తేడా బరువు ఎక్కడ ఉంటుందన్న విషయంలో ఉంది. మామూలు గాలంలో సీసపు గుండు గానీ ఎర బరువు గానీ దారాన్ని తన వెంట లాక్కుపోతుంది. ఫ్లై పద్ధతిలో ఎర అంటే ఈకలతో, దారంతో చిన్న కొక్కేనికి చుట్టిన కృత్రిమ పురుగు మాత్రమే గనుక దానికి చెప్పుకోదగ్గ బరువు ఉండదు. అందువల్ల లావుగా, కొసకు సన్నబడేలా తయారుచేసిన ప్రత్యేకమైన లైనే బరువుగా పనిచేసి, చర్నాకోల విప్పుకున్నట్టు గాలిలో విప్పుకుంటూ పురుగును దూరానికి చేరుస్తుంది. కర్ర వంగి, తిరిగి నిటారుగా లేచేటప్పుడు ఆ లైనుకు వేగం ఇస్తుంది. కాబట్టి చిరంజీవి మేనల్లుడు ఇంట్లో కట్టదలచిన కర్రకు ఏ లైను వాడబోతున్నారన్నది మొదట తేలాలి. పొడవు, రంగు, పిడి అందం వంటివన్నీ ఆ తర్వాతి సంగతులు.

లైన్లను అంకెలతో గుర్తిస్తారు. లైను మొదటి 30 అడుగుల, అంటే సుమారు 9 మీటర్ల, బరువును బట్టి అంకె నిర్ణయమవుతుంది: 1వ నంబరుకు 60 గ్రెయిన్లు (దాదాపు 3.9 గ్రాములు), 2వ నంబరుకు 80 (5.2 గ్రాములు), 3వ నంబరుకు 100 (6.5 గ్రాములు). ప్రపంచమంతా ఎక్కువగా వాడే 5వ నంబరు లైను 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాముల పైచిలుకు తూగుతుంది. మూడవ నంబరు, అంతకంటె తక్కువ లైన్లను మోసే కర్రలనే అల్ట్రాలైట్, అంటే అతి తేలిక కర్రలుగా లెక్కిస్తారు. తొలిసారి కట్టేవారికి 7 అడుగుల పొడవు, 3వ నంబరు సరైన జత. ఒకటవ నంబరు లైను చిన్న గాలికే పక్కకు కొట్టుకుపోతుంది గనుక అది చేతికి అనుభవం వచ్చిన తర్వాత చేపట్టవలసిన పని.

ఇంత తేలిక కర్ర దేనికన్నది కూడా ముందే తేల్చుకోవలసిన విషయం. బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో దొరికే పరిగెలకు, అరచేతి ప్రమాణపు జిలేబీ చేపలకు ఇది సరిపోతుంది. కావేరిలోని మహశీర్ అనే పెద్ద చేప మీద మాత్రం దీన్ని ఎన్నడూ ప్రయోగించకూడదు. ఆ నదికే ప్రత్యేకమైన మూపు మహశీర్‌ను శాస్త్రజ్ఞులు 2018లో టోర్ రమాదేవీ అనే జాతిగా గుర్తించారు. అది అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల్లో చేరింది. పైగా కర్రకు బలం చాలనప్పుడు పెద్ద చేప చాలాసేపు పెనుగులాడి, కండరాల్లో ఆమ్లం పేరుకుని, నీటిలోకి వదిలిపెట్టిన తర్వాత కూడా చనిపోయే అవకాశం ఉంటుంది. తేలిక కర్ర చిన్న చేపకు న్యాయం చేస్తుంది, పెద్ద చేపకు అన్యాయం చేస్తుంది. చెరువు విషయంలోనైనా దాన్ని గుత్తకు తీసుకున్నవారి అనుమతి అడగడం, కొక్కెం ముల్లును శ్రావణంతో నొక్కి చదును చేయడం తప్పనిసరి.

కర్రకు మూలమైన బోలు గొట్టాన్ని బ్లాంక్ అంటారు. పూర్వం కర్రలను వెదురుతో చేసేవారు. వెదురును నిలువుగా చీల్చి, ఆరు పేళ్లను ముక్కోణంగా చెక్కి, ఒకటిగా అతికి ఆరు పలకల కర్ర చేసేవారు. 19వ శతాబ్దంలో అమెరికా పనివారు ఇందుకు వాడినది కలకత్తా రేవు నుంచి ఎగుమతి అయిన భారతీయ వెదురే. తర్వాతి కాలంలో చైనాకు చెందిన టోంకిన్ వెదురు దాని స్థానాన్ని ఆక్రమించింది. ఆ వెదురు కర్రల కాలంలోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెన్రీ సలివన్ థామస్ గాలపు వేట గురించి 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గ్రంథాన్ని 1873లో మంగళూరులో ప్రచురించాడు. నేడు ఎంపిక ఎక్కువగా రెండింటి మధ్య ఉంటుంది: కార్బన్ నార, గాజు నార. కార్బన్ తేలిక, చురుకు. గాజు నార కాస్త బరువెక్కువ, నిదానంగా పిడి దాకా వంగుతుంది. దగ్గరి దూరాలకు, చిన్న లైన్లకు గాజు నార బ్లాంకే మేలు, ఎందుకంటే పది అడుగుల లైను బయట ఉన్నా అది వంగి చేతికి కబురు చెబుతుంది. గట్టి కార్బన్ కర్ర అంత కొద్ది బరువుకు కదలనే కదలదు.

తేలిక అనే మాటను తూకంతో మాత్రమే అర్థం చేసుకోవడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటు. కర్రను ఊపేటప్పుడు ఒక గ్రాము చూపించే ప్రభావం అది చేతి నుంచి ఉన్న దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే చేతికి దగ్గరగా ఉన్న గ్రాము కంటె అంతకు పది రెట్లు దూరంలో, కొస దగ్గర ఉన్న గ్రాము నూరు రెట్లు అడ్డుపడుతుంది. అందువల్ల పిడిలో అయిదు గ్రాములు తగ్గించడానికి పడే ప్రయాస కంటె కొస భాగంలో దారపు కట్ల మీద రెండు పూతలు వేయకుండా ఒకే పలుచని పూతతో సరిపెట్టడం ఎక్కువ ఫలితమిస్తుంది. చిరంజీవి ఈ ఒక్క సూత్రాన్ని మనసులో నిలుపుకుంటే మిగిలిన నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే తేలతాయి.

బ్లాంక్ చేతికి వచ్చిన తర్వాత దాని బలాన్ని ఇంట్లోనే కొలవవచ్చు. అమెరికాకు చెందిన విలియం హానెమన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో కర్ర మొదలును బల్లకు అడ్డంగా బిగించి, కొసకు చిన్న సంచి కట్టి, కొస కర్ర పొడవులో మూడో వంతు కిందికి దిగేదాకా అందులో నాణేలు వేస్తారు. ఏడడుగుల కర్రకు ఈ దిగుడు 28 అంగుళాలు. ఆయన సెంటు నాణేలు వాడాడు; ఇక్కడ రూపాయి బిళ్లలు వాడవచ్చు గానీ, 2011 వరుసలోని రూపాయి 3.79 గ్రాములు ఉంటే తర్వాతి వరుసలోనిది అంతకంటె తేలిక గనుక, కలగాపులగంగా వేసిన బిళ్లలను చివరికి కంసాలి త్రాసులో తూచడం మంచిది. గైడ్లనే ఉంగరాలు కట్టకముందు ఒకసారి, కట్టి పూత ఆరిన తర్వాత ఒకసారి ఈ తూకం రాసిపెట్టుకుంటే చేతిపని కర్రకు ఏమి చేసిందో అంకెల్లో కనిపిస్తుంది.

గైడ్లు అంటే లైను సాగిపోయే తీగ ఉంగరాలు. అడుగుకు ఒకటి, పైన మరొకటి అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఏడడుగుల కర్రకు ఎనిమిది, కొస ఉంగరం అదనం. ఒంటి పాదం గైడ్లకు ఒకే కట్టు చాలు గనుక దారమూ జిగురూ సగానికి తగ్గుతాయి. దారం చుట్టకముందు వీటిని సన్నని టేపుతో తాత్కాలికంగా అంటించి, లైను దూర్చి, కొసను బరువుకు కట్టి కర్రను వంచి చూడాలి. లైను వంపును అనుసరించకుండా ఎక్కడైనా సూటిగా కోసుకుపోతుంటే అక్కడ గైడ్ల మధ్య దూరం తగ్గించాలి. పుస్తకాల్లోని దూరాల పట్టికల కంటె ఈ పరీక్షే నమ్మదగినది.

పిడి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. అర అంగుళం మందం గల కార్క్ బిళ్లలు పన్నెండు అతికితే ఆరంగుళాల పిడి వస్తుంది. వాటి రంధ్రాన్ని గుండ్రని ఆకురాయితో కొద్దికొద్దిగా పెంచి, బ్లాంక్ సన్నని వైపు నుంచి మొదలు దాకా జార్చి, ఎక్కడా బలవంతం చేయకుండా అతికించాలి. కొస ఉంగరాన్ని మాత్రం వేడికి కరిగే జిగురుతోనే అంటించాలి. విరిగిన రోజున ఊడదీసి మార్చుకోవలసింది అదే.

దారం చుట్టడమే ఈ విద్యకు ప్రాణం. ముందుగా గైడు పాదం అంచును ఆకురాయితో సన్నగా అరగదీయాలి. లేకపోతే దారం ఆ మెట్టును ఎక్కేచోట ఖాళీ మిగులుతుంది, పదునైన అంచు బ్లాంక్‌ను గీరి కాలక్రమంలో విరిచేస్తుంది. దారం మొదటి కొసను దాని మీదుగా వేసిన నాలుగైదు చుట్ల కింద నొక్కిపట్టి, ఒక చుట్టు పక్కన మరొకటి ఆనుకునేలా బ్లాంక్‌ను తిప్పుతూ పోవాలి. ముగింపుకు అయిదారు చుట్ల ముందు వేరే దారపు ఉచ్చును కట్టు కింద పెట్టి, చివరి కొసను అందులో దూర్చి లాగితే ముడి లేకుండానే కట్టు బిగుస్తుంది. బిగువు గైడును పట్టి ఉంచాలి గానీ, వేలితో నెట్టితే సరిదిద్దుకునేంత జరగాలి. నైలాన్ దారం సులువు. అయినా పట్టు వ్యాపారానికి పేరుపడ్డ చిక్కపేట నడక దూరంలో ఉన్నప్పుడు సన్నని పట్టుదారంతో ప్రయత్నించకపోవడం అన్యాయం. పూత తగిలాక పట్టు ముదురు రంగుకు మారి పారదర్శకమవుతుంది గనుక ముందు వేరే పుల్ల మీద ఒక కట్టు కట్టి రంగు చూసుకోవాలి.

చుట్టిన దారం మీద వేసే ఎపాక్సీ రెండు ద్రవాల మిశ్రమం. రెండింటినీ వేర్వేరు సిరంజీలతో సరిసమానంగా కొలిచి, బుడగలు రాకుండా నిదానంగా కలపాలి. పాళ్లు తప్పితే అది ఎన్నాళ్లకూ గట్టిపడదు. పూత వేశాక కిందికి జారకుండా గట్టిపడేదాకా కొన్ని గంటలపాటు కర్రను తిప్పుతూనే ఉండాలి, ఇందుకు నిమిషానికి కొద్ది చుట్లు తిరిగే చిన్న మోటారు చాలు. డిసెంబరు రాత్రుల చలికి ఎపాక్సీ చిక్కబడి బుడగలు లోపలే చిక్కుకుంటాయి. వానాకాలపు తేమకు పైన తెల్లని మసక కమ్ముతుంది. కాబట్టి పొడిగా ఉన్న రోజున, మధ్యాహ్నం వేళ, వీధి వైపు కిటికీ మూసి ఈ పనికి పూనుకోవాలి. అయితే పూత వేయకముందే, కర్ర భాగాలు కలిసే చోట, పై గొట్టపు నోటి అంచున గైడు లేకపోయినా దారం కట్టు తప్పక వేయాలి. అది లేని గొట్టం వంగినప్పుడు నిలువునా చీలుతుంది.

పూత పూర్తిగా గట్టిపడటానికి ఒక వారం విడిచిపెట్టిన తర్వాతే కర్రను ఊపి చూడాలి. కాటన్‌పేట మేడల మీద మాత్రం ఆ పరీక్ష వద్దు: కార్బన్ నార విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, సందుల్లో తీగలు చేతికందేంత దగ్గరగా వేలాడుతుంటాయి. గాజు నార కర్రయినా తడిసిన లైను చేతిలో ఉన్నప్పుడు అదే జాగ్రత్త అవసరం. తీగలు లేని మైదానానికి వెళ్లి, కొక్కేనికి బదులు ఎర్ర ఉన్నిపోగు కట్టి, ముందు 15 అడుగుల లైనుతో, అది తిన్నగా పరుచుకున్నాక 30 అడుగులతో విసరాలి. ఇంటికి వచ్చాక ప్రతి కట్టునూ వెలుతురులో తిప్పి చూసి, గైడు పాదం దగ్గర సన్నని పగులు కనబడితే ఆ ఒక్క కట్టును కోసి మళ్లీ చుట్టాలి.

ఇట్లు,
మేనమామ