పాట అయిపోయింది – సీసా మిగిలింది

మన ఊళ్లో తిరునాళ్లు జరుగుతాయి. జాతరలు జరుగుతాయి. రాత్రంతా బుర్రకథో, పాటకచేరీయో పెడతారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టుకుని, ఆటోలెక్కి వస్తారు. తెల్లవారేసరికి అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. మరి ఆ మైదానం ఎలా ఉంటుంది? ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

ఎటు చూసినా ప్లాస్టిక్ గ్లాసులు. నీళ్ల సీసాలు. పలచటి కవర్లు. చెంచాలు. గ్లాసును మనం వాడింది రెండు నిమిషాలు. సీసాను వాడింది ఒక పూట. ఆ తరువాత పారేశాం. ఇలాంటి వాటినే ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ అంటారు. మనం పారేసి మరిచిపోతాం. అది మాత్రం మట్టిలో కలవకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

ఈ కష్టం మనకొక్కరికే కాదు. పెద్ద పెద్ద దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండులో ఒక పాల రైతు పొలంలో ఏం జరిగిందో చదవండి.

పాల రైతు పొలంలో పాటల పండుగ

ఇంగ్లండులో సోమర్సెట్ అనే ప్రాంతం ఉంది. అక్కడ పిల్టన్ అనేది ఒక పల్లెటూరు. ఆ ఊరి పాల రైతు పేరు మైకేల్ ఈవిస్. 1970లో ఆయన తన పొలంలో పాటల పండుగ పెట్టారు. టికెట్టు ఒక్క పౌండు. పౌండు అంటే ఆ దేశపు డబ్బు. వచ్చినవాళ్లకు పొలంలో పిండిన పాలు ఉచితంగా పోశారు. ఆ ఏడాది సుమారు 1,500 మంది వచ్చారు.

అదే గ్లాస్టన్‌బరీ పండుగ. ఇప్పుడు అది జరిగిన ఏడాది 2 లక్షల మందికి పైగా చేరతారు. గుడారాలు వేసుకుని 5 రోజులు అక్కడే ఉంటారు. తినడం, తాగడం, పడుకోవడం అన్నీ ఆ పొలంలోనే. అంటే ఒక పట్టణమంత జనం ఒక పొలంలో కాపురం ఉన్నట్టే.

పండుగ అయిపోయాక అది మళ్లీ పొలమే. గడ్డి మొలవాలి. ఆవులు మేయాలి. అందుకే కొన్నేళ్లకొకసారి పండుగ ఆపి నేలను బీడు పెడతారు. 2018లో అలా ఆపారు. 2026ను కూడా బీడు ఏడాదిగానే ఉంచారు. నేలకు విశ్రాంతి ఎందుకో మన రైతులకు వేరే చెప్పనక్కర లేదు.

గడ్డిలో దాగిన ముప్పు

పండుగ ముగియగానే వందలమంది ఆ పొలంలో చెత్త ఏరుతారు. ఎందుకంత శ్రద్ధ? గడ్డిలో ప్లాస్టిక్ ముక్కో, గుడారం మేకో మిగిలితే ఆవు గడ్డితో పాటు దాన్ని మింగుతుంది. ఆవుకు అది గడ్డా, ప్లాస్టిక్కా అని తెలియదు.

ఇది మన దగ్గరా జరుగుతున్నదే. పుట్టపర్తిలో కరుణ సొసైటీ అనే సంస్థ ఉంది. మూగజీవాలను కాపాడటం ఆ సంస్థ పని. అక్కడి డాక్టర్లు పశువులకు ఆపరేషన్లు చేసి కడుపులోంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ కవర్లు బయటికి తీశారు. కడుపు నిండా ప్లాస్టిక్ ఉంటే మేత ఎక్కడ పడుతుంది? ఆ పశువు పైకి నిండుగా కనిపిస్తుంది. లోపల ఆకలితో చిక్కిపోతుంది. 2012లో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

"ఏరి కాల్చేస్తే పోదా?" అని మీలో ఒకరు అడగవచ్చు. కాల్చకూడదు. ప్లాస్టిక్ పొగ విషం. ఆ పొగ ముందు పీల్చేది చుట్టుపక్కల ఇళ్లలోని పిల్లలూ ముసలివాళ్లే. "కరిగించి మళ్లీ వాడుకోవచ్చు కదా?" అని ఇంకొకరు అడగవచ్చు. శుభ్రంగా ఏరిన సీసాలను అలా చేయవచ్చు. కానీ బురదలో తొక్కిన సీసాలు, కూర అంటిన పళ్లాలు, చినిగిన కవర్లు కలిసిపోతే ఎవరు వేరు చేస్తారు? అందుకే మొదటి మందు ఒకటే. అసలు వాడకం తగ్గించాలి.

చెబితే చాలదు

2017లో గ్లాస్టన్‌బరీ పండుగలో సుమారు 13 లక్షల ప్లాస్టిక్ సీసాలు వాడారు. చెత్త పారేయవద్దని చెప్పారు. డబ్బాలూ పెట్టారు. అయినా అన్ని సీసాలయ్యాయి. ఎందుకు?

జనం చెడ్డవాళ్లా? కాదు. ఎండకు దాహం వేస్తుంది. చంకలో పిల్ల ఏడుస్తుంది. ఎదురుగా కొట్లో చల్లటి సీసా ఉంది. కుళాయి ఎక్కడుందో తెలియదు. ఎవరైనా ఏం చేస్తారు? సీసా కొంటారు. మీరూ నేనూ అయినా అదే చేస్తాం. దప్పికతో ఉన్నవాడికి నీతి చెబితే వినడు. ముందు నీళ్లు చూపించాలి.

2019లో పండుగ పెట్టేవాళ్లు గట్టి నిర్ణయం తీసుకున్నారు. పొలమంతటా 850కి పైగా చోట్ల మంచినీళ్లు పట్టుకునే ఏర్పాటు ఉంచారు. "మీ సీసా మీరే తెచ్చుకోండి, ఇక్కడ నింపుకోండి" అని నెలల ముందే చెప్పారు. నీళ్లనూ కూల్‌డ్రింకులనూ ప్లాస్టిక్ సీసాల్లో అమ్మడం ఆపేశారు.

ఈ మూడింటినీ కలిపి చూడండి. నీళ్లు పెట్టకుండా అమ్మకం ఆపితే జనం అల్లాడిపోతారు. అమ్మకం ఆపకుండా నీళ్లు మాత్రమే పెడితే సీసాలు వస్తూనే ఉంటాయి. ముందుగా చెప్పకపోతే జనం ఖాళీ చేతులతో వస్తారు. మూడూ ఉంటేనే పని జరుగుతుంది.

అంతటితో అంతా అయిపోయిందా? లేదు. సీసాలకు బదులు రేకు డబ్బాల్లో నీళ్లు అమ్మారు. రేకు డబ్బా కూడా చెత్తే. ఇళ్ల నుంచి ప్లాస్టిక్ సీసాలు తెచ్చినవాళ్లూ ఉన్నారు. అయినా కొట్టులోంచి వచ్చే పెద్ద వరదకు అడ్డుకట్ట పడింది.

గ్లాసుకు డిపాజిట్

అదే పండుగలో 2016లో స్టీలు గ్లాసులు ప్రవేశపెట్టారు. గ్లాసుకు 5 పౌండ్లు డిపాజిట్. గ్లాసు తిరిగి ఇస్తే డబ్బు తిరిగి వస్తుంది. జర్మనీలో కూడా ఇలాంటి పాటల పండుగల్లో గ్లాసుకు డిపాజిట్ కట్టించుకోవడం మామూలే.

మన తిరునాళ్లలో ఈ పద్ధతి పెడితే మాటలు ఇలా సాగవచ్చు.

"అక్కా, ఒక నిమ్మకాయ షర్బత్ ఇవ్వు."

"20 రూపాయలు తమ్ముడూ. గ్లాసుకు ఇంకో 20 డిపాజిట్."

"గ్లాసుకు కూడా డబ్బులేంటక్కా?"

"గ్లాసు తెచ్చియ్యి, నీ 20 నీకే ఇస్తా."

"తేకపోతే?"

"నీ డబ్బు పోయినట్టే. ఎవరైనా ఏరుకొస్తే వాళ్లకిస్తా."

ఇక ఆ గ్లాసును ఎవరు పారేస్తారు? పారేసినా అది ఎంతసేపు కింద పడి ఉంటుంది?

ఇది మనకు కొత్త పద్ధతి కాదు. సోడా తాగి సీసా అక్కడే ఇచ్చేవాళ్లం. ఇంటికి తీసుకెళ్తే సీసాకు డబ్బు కట్టేవాళ్లం. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపాక గాజు సీసాల్లో నీళ్లు అమ్మారు. ఖాళీ సీసా తిరిగి ఇస్తే దాని డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టారు.

ఒక జాగ్రత్త ఉంది. స్టీలు గ్లాసు చేయడానికీ ఎంతో ఖర్చవుతుంది. దాన్ని పదే పదే కడిగి వాడితేనే మేలు. కాగితం కప్పులను చూసి కూడా మోసపోవద్దు. చాలా కప్పుల లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది.

మన ఊళ్లో ఏం చేద్దాం?

2022 జూలై 1 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లాలు, చెంచాలు, స్ట్రాలు చేయడం, అమ్మడం, వాడటం నిషేధం. నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేవు. కాబట్టి సీసాల సంగతి మనమే చూసుకోవాలి.

చలివేంద్రం మన పెద్దలు నేర్పిన పని. బాటసారికి నీళ్లు పోయడం పుణ్యమన్నారు. తిరునాళ్లలో నాలుగు మూలలా చలివేంద్రాలు పెడదాం. నీళ్లు శుభ్రంగా ఉండాలి. కుండకు మూత ఉండాలి. నీళ్ల మీద జనానికి నమ్మకం లేకపోతే మళ్లీ సీసానే కొంటారు.

గ్లాసులు ఎక్కడివి? సిద్దిపేట జిల్లాలో కొన్ని ఊళ్లలో స్టీలు బ్యాంకులు పెట్టారు. అక్కడ డబ్బు ఉండదు. పళ్లాలు, గ్లాసులు, గిన్నెలు ఉంటాయి. పెళ్లికీ, పేరంటానికీ వాటిని తీసుకుంటారు. పని అయ్యాక కడిగి ఇస్తారు. మన మహిళా సంఘం కూడా ఈ పని చేయవచ్చు. భోజనాలకు విస్తరాకులు ఉండనే ఉన్నాయి.

ఒక పెద్ద ప్రశ్న మిగిలింది. తిరునాళ్లలో నీళ్ల సీసాలు అమ్మి నాలుగు డబ్బులు చూసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల గతి ఏమిటి? వాళ్ల పొట్ట కొట్టి ఊరు బాగుపడదు. అందుకే ముందు వాళ్లనే పిలిచి కూర్చోబెట్టాలి. మజ్జిగ, షర్బత్ అమ్మే చోటు వాళ్లకే ఇవ్వవచ్చు. గ్లాసులు కడిగే పనికి, డిపాజిట్ లెక్క చూసే పనికి కూలి కట్టివ్వవచ్చు. తిరునాళ్లు రేపనగా చెబితే వాళ్లు నష్టపోతారు. రెండు నెలల ముందే చెబితే సర్దుకుంటారు.

లెక్క చేయండి

తిరునాళ్లకు 2,000 మంది వచ్చారు. ఒక్కొక్కరు 3 ప్లాస్టిక్ గ్లాసులు వాడారు. మొత్తం ఎన్ని గ్లాసులు? వాటికి బదులు 500 స్టీలు గ్లాసులు ఉంటే, ఒక్కో గ్లాసును ఎన్నిసార్లు వాడితే సరిపోతుంది?

(జవాబు: 6,000 గ్లాసులు. 12 సార్లు.)

చర్చించండి

1. మన తిరునాళ్లలో మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి? ఆడవాళ్లకు, పిల్లలకు, ముసలివాళ్లకు అందుతున్నాయా?

2. చెత్త ఎవరు ఎత్తుతున్నారు? వాళ్లకు కూలి, చేతి తొడుగులు ఇస్తున్నారా?

3. సీసాలు అమ్మేవాళ్లు ఏమంటున్నారు? వాళ్లను అడిగి తెలుసుకోండి.

రాయండి

చదువు నేర్చింది సంతకం చేయడానికి మాత్రమే కాదు, అడగడానికి కూడా. ఈసారి తిరునాళ్లలో ఎన్ని చలివేంద్రాలు కావాలో, ఎన్ని గ్లాసులు కావాలో సర్పంచి గారికి ఒక అర్జీ రాయండి. అందరూ కలిసి కింద సంతకాలు చేయండి. తిరునాళ్లకు రెండు నెలల ముందే ఇవ్వండి.