చుక్కల చదువు

ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివి, ఆపైన ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తానంటే మా నాన్న, "జాతకాలు చెప్పుకు బతుకుతావట్రా?" అన్నాడు. పొలంగట్టు మీదే పాఠం మొదలెట్టాను.

రాత్రివేళ కనిపించే వెలుగు దగ్గరి లాంతరుదో, దూరాన ఉన్న పెద్ద లైటుదో కంటికి తెలియదు. నక్షత్రాలతోనూ ఇదే చిక్కు. మన హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1949లో హార్వర్డు వెళ్ళిన వైనూ బప్పు, విల్సన్‌తో కలిసి 1957లో ఒక దారి చూపారు. సూర్యుని వంటి, అంతకన్నా చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం కె రేఖ నడుమ సన్నని మెరుపు ఉంటుంది. అది ఎంత వెడల్పయితే నక్షత్రపు అసలు కాంతి అంత ఎక్కువ. దాన్ని మనకు కనిపించే కాంతితో పోల్చితే దూరం తేలుతుంది. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతే కదా!

నాన్న అంతా విని, "మరి కూడు?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. ఎం.ఎస్సీ. తర్వాత జె.ఆర్.ఎఫ్. వస్తే నెలకు 37,000 రూపాయలు (2023లో పెంచారు). కానీ అందాకా బోరు అప్పు ఎవరు తీర్చాలి? దానికి నా దగ్గర సూత్రం లేదు.

జామ్ పరీక్ష ఫీజు మాత్రం కట్టేశాను. వేరుశెనగ అమ్మిన డబ్బే. నాన్నే ఇచ్చాడు.