విషం ఒలికిన తర్వాత నేల, నీరు, పాలు కోలుకునేదెట్లా?



హైదరాబాదు - వరంగల్ రోడ్డు మీద జనగామ మీదుగా రాత్రింబవళ్ళు ట్యాంకర్లు పోతుంటాయి. నర్మెట్ట ఆ రోడ్డుకు దూరమే. అయినా మన పొలాల్లోకి పురుగుమందు డబ్బాలు రాకుండా లేవు, మోటార్లకు డీజిలు రాకుండా లేదు. పాలను చల్లబరిచే పెద్ద కేంద్రాల్లో వాడేది కూడా సాధారణంగా అమోనియాయే. ఇటువంటిది ఏదైనా ఒలికితే మన బావిని, మేతను తిరిగి బాగుచేసుకునే విధానమే ఈ పాఠం.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి, ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. జనం పరుగెత్తారు గాని, పలుపుతో కట్టి ఉన్న పశువు ఎటు పోతుంది? పశువులూ చనిపోయాయి. బతికిన వాటి పాలు, అక్కడి కూరగాయలు వాడవద్దని, ఆ గడ్డి మేపవద్దని అధికారులు చెప్పారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. జూన్‌లో, పర్యావరణాన్ని బాగుచేసే ప్రణాళిక తయారు చేయమని కేంద్ర, రాష్ట్ర ప్రతినిధులతో సంఘం వేయించింది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉన్నది. బాగుచేయడమంటే మునుపటి స్థితికి తేవడం. మునుపు ఎట్లా ఉండెనో ఎవరి దగ్గర రాసి ఉన్నది? మన ఊరి బావి నీళ్ళలో ఇవాళ ఏమున్నదో కాగితం మీద లేకపోతే, రేపు చెడిపోయిందని ఎట్లా రుజువు చేస్తాం? బాగుపడిందని ఎవరన్నా అంటే ఎట్లా కాదంటాం? అందుకని ప్రతి సంఘమూ వానలకు ముందొకసారి, వానలు వెలిసినాక ఒకసారి పాల కేంద్రం బావి నీటిని, పశువులు తాగే కుంట నీటిని పరీక్ష చేయించి, ఆ కాగితాలను మినిట్సు పుస్తకంతో పాటు భద్రపరచుకోవాలి. మట్టి నమూనా భూసార పరీక్షా కేంద్రానికి పంపినప్పుడు వచ్చే కాగితాన్నీ పారేయవద్దు. అన్నిటికన్నా చవకైన పని ఇదే, మనం ఎక్కువగా వాయిదా వేసేదీ ఇదే.

వాసన పోయింది కదా అని ధైర్యపడకూడదు. స్టైరీన్ త్వరగా ఆవిరైపోతుంది, మిగిలింది మట్టిలోని సూక్ష్మజీవులు తింటాయి. డీజిలూ కొంతవరకు అంతే: తడిసిన మట్టిని పలుచగా పరచి, పశువుల ఎరువు కలిపి, తేమ ఉంచి, తరచు తిరగవేస్తుంటే నెలల మీద తగ్గుతుంది. కాని లోహాలు విరిగిపోవు. పటాన్‌చెరు కర్మాగారాల మురుగు నక్కవాగులో పడి పొలాలు చెడిన సంగతి 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది; రైతులకు పరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. అక్కడ ఒక్క రాత్రి ఒలికింది కాదు, ఏళ్ళ తరబడి కారింది. అటువంటి నేలకు ఎరువు వైద్యం సరిపోదు.

కనుక ముందు ఒలికింది ఏదో తెలియాలి. ట్యాంకరు మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది: 1202 డీజిలు, 1005 అమోనియా, 1830 గంధకామ్లం, 2055 స్టైరీన్. గాలి వచ్చే వైపు నిలబడి, దూరం నుంచే ఆ అంకె చదివి అగ్నిమాపక కేంద్రానికి చెప్పాలి. డీజిలువంటిదైతే నిప్పు దగ్గరికి రానీయకుండా చుట్టూ మట్టికట్ట వేసి, చెరువు వైపు పోయే కాల్వను మూయాలి. నీళ్ళు పోసి కడగడం మన అలవాటు; కడిగింది కుంటలోకే పోతుంది. ఎత్తిన మట్టిని ఊరి దిబ్బ మీద పోయరాదు. ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే స్థలం దుండిగల్‌లో ఉన్నది, అక్కడికి పంపమని కాలుష్య నియంత్రణ మండలిని అడగాలి. మాటవరసకు చెప్తున్నాను, చెడిపోయిన పాలను కుంటలో పారబోయడమూ ఒలుకుడే. ఆ పాలు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి, చేపలు చస్తాయి.

పాల సంగతి. ఆ గాలి పీల్చిన, ఆ మేత తిన్న బర్రె పాలను వేరే క్యానులో పోయించి, కేంద్రంలో కలపకుండా ఆపాలి. కొన్ని పురుగుమందులు కొవ్వులో చేరి పాల ద్వారా బయటికి వస్తాయి, కాచినా పోవు. ఒక్క క్యాను మొత్తం ట్యాంకరును చెడగొట్టగలదు. పాలు ఆగిన ఇంటికి ఆ రోజుల లీటర్లు, తేదీలు కార్యదర్శి రాసి ఇవ్వాలి. మళ్ళీ పోయడం ఎప్పుడన్నది పశువైద్యుడు, పరీక్ష కాగితం కలిసి చెప్పాలి గాని, రైతు తొందరో మన మొహమాటమో కాదు.

నమూనాలు రెండేసి తీసి, ముద్ర వేసి, పంచుల సంతకం పెట్టించాలి. నూనె, పురుగుమందులకు గాజు సీసా, లోహాలకు ప్లాస్టిక్ సీసా. 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం కింద, తప్పు ఎవరిదని నిరూపించకుండానే సాయం కోరుతూ కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఐదేళ్ళు. ఆ అర్జీకి జతపరచవలసినవి పైన చెప్పిన కాగితాలే: నీటి పరీక్ష, మట్టి పరీక్ష, ఆగిన పాల లెక్క.