పరదేశమున ఇంటిచదువు

మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫునకు పోవువారిలో పెక్కురు ఒంటిగనే పోయి, కంపెనీ రూములలో నలుగురితో సర్దుకొని, తమ తిండికి కొంత మిగుల్చుకొని తక్కినదెల్ల ఇంటికి పంపువారే యైనను, ఎలక్ట్రీషియనో, సూపర్‌వైజరో, లెక్కలు వ్రాయువాడో అయి జీతము పెరిగిన పిమ్మట భార్యాబిడ్డలను పిలిపించుకొనువారును నేడు తక్కువగా లేరు. యు.ఎ.ఇ.లో 2019 నుండి ఇందులకు వృత్తి గాక ఆదాయమే ప్రమాణమైనది. నెలకు 4,000 దిర్హములు గాని, బసతోగూడ 3,000 గాని వచ్చిన చాలును. అయితే వీసా వచ్చెనని సంతసించి విమానమెక్కించిన తండ్రికి, షార్జాలో బిడ్డకు బడి వెదకునప్పుడు గాని అసలు సంగతి బోధపడదు. అచ్చటి సర్కారు బడులు ప్రధానముగా స్థానికుల కొరకు, అరబ్బీ మాధ్యమమున నడచునవి. మనవారికి మిగిలినది ఫీజు కట్టి చదివించు ప్రైవేటు పాఠశాలయే. ఇద్దరు బిడ్డల ఫీజు, బస్సు కిరాయి, పుస్తకములు లెక్కించి చూచుకొనునంతలో, కొన్నాళ్లు ఇంటనే చదివింతమను ఆలోచన ఆలుమగలకు కలుగుట సహజము.

ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. కాని అది ఇష్టమువలన పుట్టినదో, లేమివలన పుట్టినదో మున్ముందుగా తేల్చుకొనవలయును. ఏలయన లేమివలన పుట్టినదానికి గడువు పెట్టుకొననిచో, ఒక యేడు రెండై, రెండు మూడై, బిడ్డ వయస్సు తరగతిని దాటిపోవును.

దేశమునుబట్టి చట్టము మారును. అమెరికాకు హెచ్-4 వీసాపై పోయిన బిడ్డకు పబ్లిక్ స్కూలు చదువు ఉచితము గావున అచ్చట ఇంటిచదువు కేవలము తల్లిదండ్రుల అభీష్టము. టెక్సస్‌లో 1994 నాటి ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇంటిబడిని ప్రైవేటు బడిగా పరిగణించి విడిచిపెట్టగా, న్యూయార్కు రాష్ట్రమున ప్రాథమిక తరగతులకు ఏడాదికి 900 గంటల బోధనయు, మూడు నెలలకొక నివేదికయు తప్పనిసరి. జర్మనీలోనో, బిడ్డను బడికి పంపక ఇంట నిలుపుట నిషిద్ధము, జరిమానా పడును. డల్లాసులోని మేనబావ చెప్పినాడని బెర్లినులో ఇంటిబడి తెరువరాదు. గల్ఫులోనైతే దుబాయిలో కె.హెచ్.డి.ఎ.ను, షార్జాలో ఎస్.పి.ఇ.ఎ.ను, అబూదాబీలో అడెక్‌ను, అనగా ఆయా చోట్ల ప్రైవేటు బడులను చూచు సర్కారు సంస్థలను అడిగి, వారి జవాబును వ్రాతమూలకముగా దాచుకొనుట మేలు. పక్కరూము వాని అనుభవము ప్రమాణము గాదు.

ఇక ముఖ్యమైన మాట. అమెరికా పోయినవాడు అచ్చటనే స్థిరపడునేమో గాని, గల్ఫునకు పోయినవాడు ఏనాటికైనను మరలి రావలసినవాడే. కంపెనీ మూతబడిన నెలలోనే సామాను సర్దుకొని మెట్‌పల్లి బస్టాండులో దిగవలసి రావచ్చును. అందుచేత ఇంటిచదువు ఎట్లు మొదలిడవలెనన్న ప్రశ్నకంటె, అది ఏ తరగతిలో వచ్చి కలియవలెనన్నదే పెద్ద ప్రశ్న. 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము ఆరు మొదలు పదునాలుగేండ్లలోపు బిడ్డ ఇంతవరకు బడి మొగము చూడనిదైనను, ఆ బిడ్డకు వయస్సునకు తగిన తరగతిలో చేరుటకు హక్కు గలదు. వెనుకబడినచో ప్రత్యేక శిక్షణ పొందుటకును హక్కు గలదు. సర్కారు బడికి ఇది ధైర్యముగ చెప్పుకొనవచ్చును. బడికి పోకయే పరీక్ష వ్రాయగోరువారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ గలదు; వారి ఎ, బి, సి స్థాయిలు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానములు. పదవ తరగతికి మాత్రము పదునాలుగేండ్లు నిండవలయును.

ఇంట చదువు చెప్పు భారము తల్లిదే యగుచున్నది. తండ్రి ఉదయము పోయి చీకటిపడిన పిదప వచ్చును. యు.ఎ.ఇ.లో బయట పనిచేయు కూలీలకే జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నవేళ పని నిషేధించిన ఎండలలో పిల్లలు గడప దాటుట కల్ల. ఒంటిగది ఫ్లాటులో అన్నము, చదువు, అలకలు అన్నియు ఆమె యొక్కతెయే చూడవలయును. పైపెచ్చు వీడియో కాలులో అత్తగారు, "పోరగాండ్లు బడికి పోతలేరా బిడ్డా?" యని ప్రతిమారు అడుగుచునే యుండును. కావున సెలవునాటి లెక్కలు తండ్రివని నిర్ణయించుట న్యాయము. దిర్హమును రూపాయిలలోనికి మార్చి ఇంటికి పంపిన పైకమెంతో గుణించుమనుడు. తాతయ్యకు ఫోను చేయించి మెట్‌పల్లి మార్కెటులో పసుపు క్వింటాలు ధర అడిగి, పది బస్తాలకు లెక్కగట్టుమనుడు. దుకాణపు బోర్డులపై అరబ్బీ అంకెలను పిల్లలు పెద్దలకంటె ముందే చదువుదురు. ప్రతి పుట పైని తేదీ వేసి ఆ నోటుబుక్కులను పారవేయక దాచుడు. తిరిగివచ్చిననాడు హెడ్‌మాస్టరు ఎదుట మీ నోటిమాటకంటె అవి ఎక్కువ పనిచేయును.

నా మట్టుకు నాకు, ఎనిమిదేండ్లు నిండువరకు ఇంటిచదువు చాలును. ఆపైన తోటివారి సహవాసము లేని చదువు, ఎంత చక్కగ చెప్పినను, కుంటుపడుచున్నది. గల్ఫులోని భారతీయ సిలబసు బడులు ఏప్రిలులో తరగతులు మొదలిడును గాన, సీటు కోరువారు చలికాలమందే విచారించవలయును. ఫీజు కుదరనివారు జూన్‌లో ఊరిబడి తెరచునప్పటికి తల్లిని, బిడ్డలను పంపుటకు టికెట్టు ముందే కొనిన ధర కొంత తగ్గును.